కల కోసం పదకొండు రాత్రులు, షట్టర్ కోసం ఒక్క పగలు

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ, అక్కడి నుంచి కోదాడ, మళ్లీ సూర్యాపేట. ఒక్క రోజులో ఈ చుట్టు తిరగాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. మేము తిరగడానికి కారణం మా ఆయనకు రాని కల. కోదాడ బస్టాండు దగ్గర ఒక దుకాణపు మడిగె అద్దెకుంది. అందులో కుట్టుమిషన్ పెట్టుకోవాలని నా ఆశ. ఆయన మేళ్లచెరువు సిమెంటు లారీ నడుపుతాడు కాబట్టి కాపురం కోదాడకు మారితే ఆయనకే దగ్గర. ఆ రోజు సాయంత్రం ఐదులోగా తేల్చకపోతే వేరేవాళ్లకు ఇస్తానని యజమాని కబురు పెట్టాడు. ఈయనేమో పదకొండు రాత్రులుగా ఇస్తిఖారా నమాజు చదివి, మంచిచెడ్డలు అల్లా కలలో చూపిస్తాడని పడుకుంటున్నాడు. గురక తప్ప ఏమీ రాలేదు.

చివరి రోజు కూడా కోదాడ వెళ్లకుండా, చిన్నప్పుడు తనకు ఖురాన్ నేర్పిన ఉస్తాద్‌ను అడుగుదామని మిర్యాలగూడ బయలుదేరదీశాడు. ఏడున్నర బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆయనకు డెబ్బై దాకా అయింది. గంటన్నర దారంతా నేను పళ్లు నూరుకుంటూనే ఉన్నాను.

"ఉస్తాద్, మీరన్నా మా కోసం ఒక్క రాత్రి కల సూడుండ్రి" అన్నాడు ఈయన, మడిగె సంగతంతా చెప్పి.

"నాకు నిద్రే పడ్తలేదు, కల యాడికెల్లి తేవాలె?" అని ముసలాయన నవ్వాడు. "ఇస్తిఖారా అంటే మంచిదైతే సులువు చెయ్యి, కాకుంటే తప్పించు అని అడుగుడు. కల చూపియ్యమనుడు కాదు. మన పాత పెద్దలు బుద్ధికి రెండు పనులని రాసిన్రు. ఒకటి తెలుసుకునుడు, రెండోది చేసేదేందో తేల్చుకునుడు. నీకు మొదటిదే నడుస్తున్నది." తర్వాత తలుపు వెనకున్న నన్ను పిలిచాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

పదకొండు రోజుల్లో నన్ను ఎవరైనా అడగడం అదే మొదలు. "ఆ మడిగె బస్సు దిగంగనే ఆడోళ్లకు కనిపిస్తది. నాకు పని వచ్చు" అన్నాను.

"ఆలోచన అయింది, సలహా అయింది. కాళ్లు అల్లా ఇచ్చిండు. అడుగు మీరెయ్యాలె" అన్నాడు ఉస్తాద్.

పన్నెండింటికి బయలుదేరి, నేరుగా కోదాడ వెళ్లే బస్సు కోసం గంటన్నర కూర్చుని, అది రాక చివరికి హుజూర్‌నగర్‌లో బస్సు మారాం. అక్కడ ఈయన రెండు చాయ్‌లు తాగుతూ ఆలోచిస్తుంటే కళ్లముందే రెండు కోదాడ బస్సులు వెళ్లిపోయాయి. చేరేసరికి ఐదుకు పావు తక్కువ. యజమాని తాళం తీశాడు గానీ షట్టర్ లేవలేదు.

"సూసినవా! ఇది అల్లా ఇషారా. వద్దని చెప్తున్నడు" అని ఈయన వెనక్కి తగ్గాడు.

"ఏంటయ్యా, ఔనా కాదా? అవతల వాళ్లు ఫోన్ చేస్తున్నారు" అన్నాడు యజమాని.

పరాయి మగవాళ్ల ముందు తలెత్తని నేను కొంగు బిగించి, వంగి, రెండు చేతులతో షట్టర్ పైకి లాగాను. కీచుమని సగం లేచింది.

"ఇషారా కాదు, తుప్పు" అన్నాను. "నూనె పోస్తే పోతది. మడిగె మేం తీసుకుంటున్నం సేటూ."

తిరుగు బస్సులో అరచేతులు మండుతూనే ఉన్నాయి. అల్లా మీద భారం వేయడం తప్పని నేను అనను, నేనూ వేస్తాను. కానీ మనం మోయాల్సిన కొసను కూడా ఆయనకే వదిలేసి పడుకోవడం భక్తి అని ఇక ఎవరు చెప్పినా ఒప్పుకోను. ఈయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. కల వచ్చిందా అని నేను అడగలేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మిర్యాలగూడ నుంచి కోదాడకు నేరుగా వెళ్లే బస్సు కోసం కూర్చోకండి, ముందొచ్చిన హుజూర్‌నగర్ బస్సు ఎక్కేయండి. అక్కడ మాత్రం చాయ్‌కి ఆగకండి.