పన్నెండు వేల కిలోమీటర్ల కబుర్లు

టికెట్ల బాబాయి ఏ ఊరు ఎంత దూరమో సూటిగా చెప్పిన పాపాన పోలేదు. "విమానం ఎన్ని గంటలండీ?" అని ఎవరైనా అడిగితే చాలు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "అది మీ పక్కన ఎవరు కూర్చుంటారో దాన్నిబట్టి ఉంటుంది" అనేవాడు.

ఆయన దగ్గరే పనిచేసే అన్న కూతురికి ఆ జవాబు వింటే తల బాదుకోవాలనిపించేది. ఎదురుగా కంప్యూటర్, అందులో అంకె. చదవడానికి ఈయనకేం రోగం?

ఒకసారి ఒక వకీలు వచ్చి ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. బాబాయి శ్రద్ధగా విని, "మీకు ఇట్టే గడిచిపోతుందండీ. మీ పక్కవాడికి మాత్రం రెండు రోజులు పడుతుంది" అన్నాడు. వకీలు తలుపు వేసిన విసురుకి గోడ మీది ప్రపంచపటంలో రెండు ఖండాలు దగ్గరికి జరిగాయని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి ఆఫీసుకి ఒకనాడు దర్జీ అత్త వచ్చింది. దూరదేశంలో ఉన్న ఆవిడ అక్కకి గుండె ఆపరేషన్. చెల్లెలు పక్కనుంటే తప్ప చేయించుకోనని అక్క భీష్మించుకు కూర్చుంది.

"ఎంతసేపే అమ్మాయ్?" అంది అత్త.

"పన్నెండు వేల కిలోమీటర్లు. పద్నాలుగు గంటలు అత్తా" అంది అమ్మాయి గర్వంగా.

అత్త లేచి నిలబడింది. "స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి నాకు. అంతసేపు గాల్లోనా? అక్కకి ఫోన్లోనే ఎలాగో నచ్చజెబుతాలే."

అమ్మాయి నాలిక్కరుచుకుంది. బాబాయి మాత్రం తాపీగా, "కూర్చో చెల్లెమ్మా" అని, ఆవిడ చెవిలో ఏదో ఊదాడు. అత్త నడుం నిటారుగా అయింది. "అలాగా పాపం. అయితే వెయ్యి అన్నయ్యా టికెట్టు" అంది.

"ఏం మంత్రం వేశావు బాబాయ్?"

"దూరం తగ్గించానంతే."

సాయంత్రం పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. ముందురోజే బాబాయితో ఫోన్లో మాట్లాడి పెట్టుకుంది, ఆవిడదీ అదే విమానం. ఆవిడ చెవిలోనూ ఏదో ఊది, అత్త పక్క సీటు అంటగట్టాడు.

వారం తిరిగేసరికి అత్త ఫోన్ చేసింది. "అక్క లేచి కూర్చుందే. నన్ను తిడుతోంది కూడా. ఇక భయం లేదు. ప్రయాణమంటావా, ఆ డాక్టరమ్మ వట్టి పిరికిది. కనిపెట్టుకుని ఉండమని బాబాయి చెప్పబట్టి సరిపోయింది. దారంతా చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పాను. నాకు భయపడ్డానికి తీరికేదీ?"

అమ్మాయి ఆ ఫోన్ పెట్టిందో లేదో డాక్టరమ్మ ఫోన్. "మీ బాబాయిగారు నాకు అప్పగించిన దర్జీ ఆవిణ్ణి భద్రంగా దించాను. చాలా భయస్తురాలండీ. వచ్చేటప్పుడూ నన్ను ఆవిడ పక్కనే వెయ్యండి. ఒక్కతే ఎలా వస్తుంది?"

అమ్మాయి ఫోన్ పెట్టేసి బాబాయి వైపు తిరిగింది. "ఎంత అబద్ధాలకోరువి బాబాయ్."

"అబద్ధమేముందే? ఒకరి సంగతి ఒకరికి చెప్పాను. రెండూ నిజాలే."

"మరి పక్కపక్కనే ఎందుకు వేశావు?"

"భయస్తుల్ని విడివిడిగా కూర్చోబెట్టకూడదమ్మా" అన్నాడు బాబాయి. "విమానం బరువెక్కుతుంది."