ఇంట్లో పట్టని హోరు

ఉద్యోగం మానేశాక నాకు జీతం కన్నా ఆ గది హోరే ఎక్కువ గుర్తొచ్చేది.

పాప పుట్టకముందు ఒక కంపెనీలో నెట్‌వర్క్ పని చేసేదాన్ని. అద్దాల తలుపు వెనక చల్లటి గది, అందులో వరసగా బీరువాల్లాంటి ఇనుప చట్రాలు, వాటి నిండా స్విచ్‌లు. స్విచ్ అంటే కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె. ఒక్కో పెట్టెలో చిన్న చిన్న ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. అన్నీ కలిసి చేసే చప్పుడులో పక్కవాళ్లతో మాట్లాడాలన్నా అరవాల్సిందే. అప్పట్లో బయటికొచ్చి తల పట్టుకునేదాన్ని. ఇంట్లో ఉండిపోయాక ఆ చప్పుడు కోసమే చెవులు వెతుక్కునేవి. ఎండాకాలం కూలర్ వేసినప్పుడు కాసేపు దాని పక్కన నిలబడేదాన్ని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పాపకి ఏడాది దాటాక మళ్లీ ఉద్యోగాలకి ప్రయత్నించాను. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే అంది: "మధ్యలో గ్యాప్ వచ్చింది కదా మేడమ్. సర్టిఫికేషన్ ఒకటి ఉంటే, పని ఇంకా చేతిలో ఉందని మాకూ నమ్మకం ఉంటుంది." చేతిలో ఉందా? అంట్లు తోముతూ, స్విచ్‌లకి టైపు చేసి ఇచ్చే కమాండ్లు నోట్లో చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఒకరోజు, ఒకప్పుడు రోజుకు ఎన్నోసార్లు కొట్టిన కమాండ్ ఒకటి ఎంతకీ గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకుంటూ నిలబడితే పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. స్టవ్ తుడుస్తూ ఏడ్చాను. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఆ గదిలోకి నన్ను ఎవరైనా రానిచ్చినా, లోపల ఏం చేయాలో నాకే తెలియదేమో అనిపించింది.

సర్టిఫికేషన్ పరీక్ష రాస్తానని, ఇంట్లో సాధనకు పాత స్విచ్‌లు కొనుక్కుంటానని అన్నాను. "లాప్‌టాప్‌లనే నేర్చుకునే సాఫ్ట్‌వేర్ ఉందంటివి గద, దానికి పైసలు గూడ అక్కర్లేదంటివి. మల్ల పెట్టె ఎందుకు?" అన్నాడు మా ఆయన. మాది కోస్తా ఇల్లు, వాళ్లది నల్గొండ వైపు పల్లె. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. పరీక్ష వరకు ఆ సాఫ్ట్‌వేర్ చాలా మటుకు సరిపోతుంది. కొన్ని వారాలు దాంతోనే చేశాను. తెరమీద పెట్టె బొమ్మ, గీత గీస్తే వైరు, ఆకుపచ్చ చుక్క పడితే లైటు. అన్నీ సరిగ్గానే పనిచేసేవి. కానీ వైరు గుచ్చినప్పుడు వేలికి తగిలే ఆ టక్కుమనే చిన్న దెబ్బ లేదు. అది లేకుండా నేర్చుకుంటుంటే నాది కాని పని ఏదో చేస్తున్నట్టుండేది.

చివరికి ఒక గురువారం పాపను ఇంట్లో అత్తమ్మ దగ్గర ఉంచి ఇద్దరం స్కూటర్ మీద ఎల్బీనగర్ వెళ్లాం. ఆఫీసులు తీసేసిన సామాను కొని అమ్మే దుకాణం ఒకటుందని తెలిసింది. దారిలో నేనే ఆయనకు వివరించాను: పరీక్షకు కనీసం రెండు చిన్న స్విచ్‌లు కావాలి, ఒకటి ఎంత పెద్దదైనా లాభం లేదు, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే నేర్చుకోవడానికి ఏదైనా ఉంటుంది అని.

లోపలికెళ్లాక, అడుగు అరలో అది కనిపించింది. మా ఆఫీసు గదిలో ఉండిన రకమే. అదే బూడిదరంగు, అదే నీలం గీత, ముందువైపు బారుగా రంధ్రాలు. పైఅరలో ఫ్యాన్ లేని చిన్నవి రెండున్నాయి. ఆ రెండింటి ధరా, దీని ఒక్కదాని ధరా ఒకటే.

దుకాణాయన టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. "ఇంట్ల పెట్టుకునేతందుకా మేడం? గిది మస్తు లొల్లి చేస్తది. గా చిన్నయి తీస్కపోండ్రి, సప్పుడుండది."

"తెలుసండీ. దీని మీదే పనిచేశాను" అన్నాను.

మా ఆయన నా వైపు చూశాడు. దారి పొడుగునా చెప్పిందంతా ఏమైందని ఆ చూపు. పైకి మాత్రం, "నీకు తెల్వనిదా, నీ ఇష్టం" అన్నాడు. నచ్చకపోతే వారంలోపు మార్చుకోవచ్చని దుకాణాయన ఒప్పుకున్నాడు. ఆ హోరు పెట్టెనే స్కూటర్ మీద ఆయన కాళ్ల మధ్య నిలబెట్టి ఇంటికి తెచ్చుకున్నాం. దారంతా వెనక నుంచి వంగి వంగి దాన్నే చూశాను.

మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. బొట్టు పెట్టకుండా ఆమె ఇంట్లోకి మిక్సీని కూడా రానివ్వదు. పసుపు రాసి, కుంకుమ అద్ది, "ఏంది బిడ్డా ఇది, రాయి లెక్క బరువుంది. దీంట్ల ఏమొస్తది?" అని అడిగింది.

"దీంట్లో ఏమీ రాదు అత్తమ్మా. దీంతో నేర్చుకుంటే నాకు ఉద్యోగం వస్తుంది."

"గట్లనా!" అని ఇంకో బొట్టు పెట్టింది.

ప్లగ్గు పెట్టాను. మాది దిల్‌సుఖ్‌నగర్ సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. ఆ రెండు గదులూ ఒక్కసారిగా దద్దరిల్లాయి. కళ్లు మూసుకున్నాను. అదే హోరు. మెడ మీద ఏసీ చల్లగాలి కూడా తగిలినట్టనిపించింది. అంతలో పాప ఉలిక్కిపడి లేచి కేకలు పెట్టింది. అత్తమ్మ చెవులు మూసుకుని, "వామ్మో, ఇంట్ల పిండిగిర్ని పెట్టినవా ఏందే!" అంది. పైనుంచి ఇంటి ఓనరమ్మ వంగి, "మీ మిక్సీ కాలిపోతున్నట్టుంది, జర చూస్కోండ్రి!" అని అరిచింది. ప్లగ్గు పీకేశాను.

పాప మెలకువగా ఉంటే నేను చదవలేను. పాప పడుకుంటే ఆ పెట్టె నడవదు. ఇంత చిన్న విషయం దుకాణంలో నాకు తట్టలేదు.

"రేపు పోయి మార్చుకొద్దాం" అన్నాడు మా ఆయన.

"రేపు శుక్రవారం. బొట్టు పెట్టినదాన్ని శుక్రవారం గడప దాటిస్తవురా?" అంది అత్తమ్మ.

"ఎల్లుండి పోతం."

"శనివారం ఇంట్లకు ఇనుము తెస్తవా?"

"ఆదివారం దుకాణం బందు. నీ లెక్కల వాడు దుకాణం తెరుసుడే దండగనే అమ్మా."

"సోమవారం పోండ్రి, ఏమైతది? బొట్టు పెట్టినంక పని చేయకుండ వట్టిగ పంపొద్దు. బిడ్డా, రేపు సాయంత్రం పిల్లను సరూర్‌నగర్ చెరువు దిక్కు పార్కుకు నేను తీస్కపోత. నువ్వు ఒక్కపారన్న దాన్ని నడిపియ్యి."

అప్పటివరకు పాపను నేను లేకుండా సందు దాటనివ్వలేదు. బండ్లు, కుక్కలు, చెరువు నీళ్లు అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. నీళ్ల సీసా, టోపీ, ఇంకో గౌను, జ్వరం మందు సంచిలో సర్దాను.

"ఊరికి పోతున్నమా మేము?" అంది అత్తమ్మ. మందు సీసా తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

వాళ్ల ఆటో కదిలాక పెట్టె ఆన్ చేశాను. నీలం వైరుతో లాప్‌టాప్‌కి కలిపాను. తెర మీద తెల్లటి అక్షరాలు జారుతూ వచ్చి ఆగాయి. వేళ్లు పెట్టగానే, పాలు పొంగిన రోజు గుర్తు రాని కమాండ్ దానంతటదే వచ్చేసింది. పైకే నవ్వాను. ఆ హోరులో నా నవ్వు నాకే వినపడలేదు.

అప్పుడు తెలిసింది, గేటు చప్పుడు కూడా వినపడదని. ఫోన్ తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను. కాసేపటికి ఆ ఫ్యాన్ల మోతలో పాప ఏడుపు వినిపించింది. ఆపేశాను. ఏమీ లేదు, వీధిలో కూరగాయల బండివాడి మైకు తప్ప. మళ్లీ పెట్టాను. మళ్లీ వినిపించింది. మళ్లీ ఆపాను. ఎంతగానో కోరుకున్న చప్పుడు ఎదురుగా ఉంటే, దాని వెనక నా బిడ్డ గొంతు కోసం వెతుక్కుంటూ ఆ సాయంత్రం గడిపేశాను. వాళ్లు తిరిగొచ్చేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. పాప చేతిలో ఎండుటాకు, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్కపారి గూడ ఏడ్వలే" అంది అత్తమ్మ గొప్పగా. ఆ మాటకి నాకు సంతోషం వెంటనే రాలేదు.

సోమవారం దాన్ని వెనక్కి ఇచ్చాం. "బొట్టు గూడ పెట్టిన్రా! ఇగ దీనికి పెండ్లి చేసి పంపాలె" అని దుకాణాయన నవ్వాడు. పనిచేస్తుందో లేదో చూడటానికి ప్లగ్గు పెట్టాడు. దుకాణమంతా హోరెత్తింది. ఇంకాసేపు ఉంచితే బాగుండునని మనసులో అనుకున్నాను. ఆయన వెంటనే ఆపేసి, "ఏం కాలే, మంచిగనే ఉంది" అంటూ చిన్నవి రెండూ నా చేతికిచ్చాడు.

అవి అసలు చప్పుడే చేయవు. ఆన్‌లో ఉన్నాయో లేదో వంగి లైట్లు చూడాలి. మధ్యాహ్నం పాప చాప మీద పడుకుంటే, పక్కనే నేల మీద పెట్టుకుని చేస్తాను. పరీక్ష ఇంకా రాయలేదు. ఇల్లంతా పడుకున్నాక ఈ మాటలు రాస్తుంటే కూడా అవి బీరువా పక్కన మెల్లగా మిణుకుమంటున్నాయి.

మొన్న ఆ రెండింటినీ రెండు వైర్లతో కలిపాను. అలా కలిపితే ఒక వైరునే వాడుకుని, రెండోదాన్ని అవే ఖాళీగా ఉంచుతాయి. దాని లైటు నారింజ రంగులో ఉంటుంది. మొదటి వైరు తెగితే, అర నిమిషంలో రెండోది పనిలోకి రావాలి. నేను చేసింది సరైతే లైటు ఆకుపచ్చగా మారుతుంది. మొదటిది లాగాను. సరిగ్గా అప్పుడే పాప కదిలి మూలిగింది. నా చేయి అటు వెళ్లింది, చూపు మాత్రం లైటు మీదే ఉండిపోయింది.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి పాపను ఎత్తుకుంది. "నువ్వు చూస్కో బిడ్డా, నేనున్న గద" అని అవతలి గదిలోకి తీసుకెళ్లింది. పాప ఆమె భుజం మీద తల వాల్చేసింది. నా కోసం వెనక్కి చూడలేదు.

లైటు ఆకుపచ్చగా మారింది.

తీసిన వైరు మళ్లీ గుచ్చి, ఇంకోసారి లాగి చూశాను. పక్కగదిలో అత్తమ్మ ఏదో అంటోంది, పాప కిలకిలా నవ్వుతోంది. ఈ పెట్టెలకు చప్పుడు లేదు కదా, ప్రతి నవ్వూ స్పష్టంగా వినిపించింది.