బందెలదొడ్డిలో కొన్న దూడ

తుపానుకి మా కొట్టం కూలి ఆవు చచ్చిపోయింది. మనుషులం మిగిలాం, అదే భగవంతుడి దయ అనుకున్నాను. కొన్నాళ్లకు, ఊరి మీద పడి తిరుగుతున్న పశువులను పంచాయతీవారు బందెలదొడ్డిలో కట్టించారు. వాటి సొంతదారులెవరూ రాలేదు. రాగలిగిన స్థితిలో ఉన్నారో లేదో కూడా తెలియదు. చివరికి వేలం వేస్తున్నామని దండోరా వేయించారు. మావారు పౌరోహిత్యం చేసేవారు, పశువుల బేరం ఎరుగరు. అందుకని నేనూ వెంట వెళ్లాను.

దొడ్డిలో ఒక పక్క ఆవులు, ఎదుటి గోడకు దూడలు. పాలు తాగేస్తాయని కావలివాడు విడదీశాడట. ఆ పాలు ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. ఆవులన్నీ అటు చూసి అరుస్తున్నాయి. వాటిలో ఒక ఎర్రావు మాకు నచ్చింది.

"దీని దూడేదయ్యా?" అన్నాను.

"అదిగోనండి, ఆ ఎర్రది. తల్లి రంగే కదండీ," అన్నాడు కావలివాడు.

"ఒక్కసారి తాళ్లు విప్పు. తల్లి దగ్గరికి అదే పోతుంది."

"విప్పితే మళ్లీ పట్టేదెవరండీ, మీరా?"

లారీ వేసుకొచ్చిన బేరగాడు నవ్వాడు. "జాతకాలు కలిపి చూసుకోండి పంతులుగారూ, మీ చేతిలో పనే కదండీ!"

మావారు సిగ్గుపడి తొందరగా పాట పాడేశారు. ఆవూ ఎర్రదూడా మాకు వచ్చాయి. మిగతా దూడలు బేరగాడికి వెళ్లాయి. వాటిని లారీ ఎక్కిస్తుంటే మా ఆవు పలుపు తెంపుకున్నంత పని చేసింది. లారీని చూసి బెదిరిందనుకున్నాం.

ఇంటికి తెచ్చి దూడను వదిలితే ఆవు తన్నింది. పక్కింటి మామ్మగారు, "ఉప్పూ తవుడూ వీపుకి రాయవే, నాకుతుంది" అన్నారు. రాశాను. ఆవు ఉప్పంతా నాకి, దూడను కొమ్ముతో నెట్టేసింది. అప్పుడు తెలిసింది, దాని దూడ లారీ ఎక్కిందని. మావారు సైకిలు మీద రావులపాలెం దాకా వెళ్లారు. లారీ ఎటు పోయిందో చెప్పినవాళ్లు లేరు.

ఆవు రోడ్డువైపు తిరిగి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. చేపు రాక పొదుగు ఎండిపోయింది. ఎర్రదూడకు నా వేళ్లు గేదెపాలలో ముంచి చప్పరించడం నేర్పాను. బతికింది. దీపం పెట్టినప్పుడల్లా దాని కోసం దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆవు కోసం ఏం కోరుకోవాలో తోచేది కాదు. మళ్లీ వేసుకున్న కొట్టంలో ఈ మూల దాన్ని, ఆ మూల దూడను కట్టేవాళ్లం.