జోగి రుచి చూడని ఆవకాయ

బస్తర్ ఆడవాళ్లకి పనంటే పట్టదనీ, నేర్పించి కూర్చోబెట్టినా నిలబడరనీ, చేతిలో నాలుగు రూపాయలు పడగానే అడవిలోకి మాయమైపోతారనీ నాకు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో సగం మంది అరకు దాటి వెళ్లినవాళ్లు కాదు. మిగతా సగం వెళ్లి, గెస్ట్‌హౌస్‌లో పడుకుని వచ్చారు. నేను వెళ్లి వారం పైన ఉండి వచ్చాను. పని దగ్గర నిలబడని మనిషి నాకు ఒక్కరూ తగల్లేదు. తగిలింది వేరే. అది చెప్పడానికే రాస్తున్నాను. ఆ దారిన వెళ్లాలనుకునేవాళ్లకి బండి సంగతీ తిండి సంగతీ కూడా ఇందులోనే దొరుకుతాయి.

మా పిన్ని కూతురు సుశీల బస్తర్ ఇనప గనుల ఊరైన కిరండూల్‌లో రైల్వే క్వార్టర్లో ఉంటుంది. మొగుడు రైల్వేలో పని చేస్తాడు. ఆమె ఊళ్లోనే ఒక చిన్న కేంద్రంలో సూపర్‌వైజరు. అడవి ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లకి వంట, వడ్డన, శుభ్రం నేర్పి, గనుల కాంట్రాక్టర్ల మెస్సుల్లోనూ గెస్ట్‌హౌసుల్లోనూ పని ఇప్పించే కేంద్రం అది. నేర్చుకునేటప్పుడు వాళ్లు చేసే విస్తళ్లూ చింతపండూ అమ్మగా వచ్చిన డబ్బుతోనే అది నడవాలి. ఉగాది దాటాక సుశీల ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడ మన ఆంధ్రావాళ్లు ఆవకాయకి మొహం వాచిపోయున్నారు. నువ్వొచ్చి మా పిల్లలకి నేర్పితే, అమ్ముకుంటాం."

నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ప్రిన్సిపాల్‌తో మాటా మాటా వచ్చి మానేసి, మధురవాడలో పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాను. ఏ మాట మీద తగాదా వచ్చిందో ఇక్కడ అనవసరం. గెలిచింది మాత్రం నేనే.

విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరు ఉదయం ఏడు కాకుండానే బయల్దేరుతుంది. టికెట్టు చవక, కూర్చునే బల్ల గట్టి. దిండొకటి తెచ్చుకోండి. నా సామాను ఒక బస్తా మామిడికాయలు, ఆవపిండి, నూనె డబ్బా. ఎదురుగా కూర్చున్నావిడ బొబ్బిలి వైపు మనిషి, భర్త బచేలీలో ట్రాక్ పని చేస్తాడట. బస్తా వైపు చూసి నవ్వింది.

"ఏటమ్మా, మామిడికాయలట్టుకుని అడివికెల్తన్నారా? అక్కడ ఎటు సూసినా మామిడి సెట్లే!"

"ఆవకాయకండీ. అడవి కాయ పీచు కదా."

"అదీ నిజివే. పులుపుంటాది గానీ ముక్క నిలబడదు."

పదకొండు దాటాక అరకు వచ్చింది. ఫొటోలవాళ్లంతా దిగిపోయారు, బండి ఒక్కసారిగా ఖాళీ అయింది. సొరంగాల గురించీ జలపాతాల గురించీ అందరూ రాశారు, నేను రాయను. కొరాపుట్‌లో వడలు బాగుంటాయి, చట్నీ జోలికి పోకండి. పులిహోర నేను ఇంటి నుంచే తెచ్చుకున్నాను.

ఆ తర్వాత బండి ఆగడం మొదలుపెట్టింది. పక్క లైన్లో నిలబెట్టేస్తారు. ఎదురుగా ఇనపరాయి బండి వస్తుంది, పెట్టె వెనక పెట్టె, చివర కనబడదు. అది దాటితేగాని మనం కదలం. మూడోసారి ఆపినప్పుడు కిందకి దిగి గార్డుని అడిగాను.

"మాకన్నా ఆ రాయికి తొందరేంటండీ?"

ఆయన కోప్పడలేదు. "రాయి కోసం ఓడ కాసుకునుంటాదండి. మీ కోసం ఎవులు కాసుకునున్నారు?"

ఆఖరి మాట ఆయనకే వదిలేసి బండెక్కాను. అలా జరగడం అరుదు.

జగదల్‌పూర్ చేరేసరికి సాయంత్రమైంది. సమోసా, టీ అక్కడే కానివ్వండి, తర్వాత ఏమీ దొరకదు. బండి చివరిదాకా పోతుందో లేదో కూడా అక్కడే అడగండి. ఒక్కోసారి దంతెవాడలోనే ఆపేస్తారు. ఆ రోజు పోయింది. కిరండూల్‌లో సుశీల స్టేషన్‌కి వచ్చింది. క్వార్టర్లో కిటికీ గట్టు మీద వేలు పెడితే ఎర్రగా అంటుకుంది. ఉతికి ఆరేసిన దుప్పటికీ అదే రంగు. తెల్లచీర తీసుకెళ్లకండి.

మర్నాడు తొమ్మిదింటికి కేంద్రానికి వెళ్లాం. బజారు వెనక రేకుల షెడ్డు. గోడ మీద హిందీలో పెద్ద అక్షరాలతో, ఉద్యోగానికి అడ్డొచ్చేవి ఏమిటో రాసి పెట్టారు. హిందీ రాకపోవడం, వేళకి రాకపోవడం, బ్యాంకు ఖాతా లేకపోవడం. హిందీ చదవలేని వాళ్లకి హిందీ రాదన్న సంగతి హిందీలో చెప్పడం నాకు నచ్చింది. ఆ మాటే అంటే సుశీల, "మొదలెట్టావా?" అంది.

ఆడవాళ్లు ఆరేడుగురు. నా తెలుగు ఎవరికీ అర్థం కాదనుకుంటుండగా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"నువ్ చెప్పక్కా. నేను జెప్త వీళ్లకు."

అదీ జోగి. పాతికేళ్లుంటాయి. కిష్టారం అవతల అడవిలో దోర్ల తెగవాళ్ల ఊరు. మాట భద్రాచలం మాటలా ఉంటుంది. నేను ఒక మాటంటే అది గోండీలో ఒకసారి, హల్బీలో ఒకసారి చెప్పేది. మధ్యలో తన సొంతం కూడా ఏదో కలిపేది, అందరూ నా వైపు చూసి నవ్వేవాళ్లు.

"నా గురించి ఏం చెప్పావే?"

"ఏంలేదక్కా. ఈ అక్క కాయను తుడిసినట్టు పెనిమిటిని గూడ తుడుస్తదా అన్న."

దాని కథ సుశీల చెప్పింది. చలికాలమైతే చాలు, సరిహద్దు అవతల, తెలంగాణ వైపు, మిర్చి ఏరడానికి పోయేది. ఈ ఏడు అది మానుకుని శిక్షణలో చేరింది. చెల్లెలు లచ్చి ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుతోంది. ఒక కాంట్రాక్టరు మెస్సులో వంటమనిషి చోటు ఖాళీగా ఉంది. ఏడాది పొడుగునా పని, ఉండడానికి గది. అది దొరికితే అక్కాచెల్లెళ్లిద్దరూ ఇక్కడే ఉండిపోవచ్చు. దొరక్కపోతే శిక్షణ అయిపోయింది కాబట్టి కేంద్రంలో మంచం తర్వాతి వాళ్లకి వదలాలి. సెలవుల్లో హాస్టల్ మూస్తారు, చెల్లెల్ని కూడా వెంటేసుకుని కూలీలని తీసుకెళ్లే మేస్త్రీ జీపెక్కాలి.

పచ్చడి పని మొదలైంది. జోగి కాయ తుడిచింది, కత్తిపీట మీద టెంకతో సహా ఒక్క వేటుకి ముక్క కొట్టింది, ఆవపిండి జల్లించింది. ఉప్పు చూడమంటే మాత్రం గిన్నె పక్కనున్న ఫూల్‌మతి చేతికిచ్చేది. ఫూల్‌మతి దంతెవాడ దగ్గరి మనిషి, నెమ్మదస్తురాలు.

"ఉప్పు చూడకుండా పచ్చడి పెట్టేదాన్ని నిన్నే చూశాను."

"వాసన జూస్త గదక్కా."

పంటినొప్పి కాబోలు, పులుపు పడదనుకున్నాను. అడగలేదు. అడగాల్సినవి అడక్కుండా, అడక్కూడనివి గట్టిగా అడిగే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది.

నాలుగోరోజు పదకొండింటికి ఆ మెస్సు మేనేజరు తివారీ వంటమనిషిని ఎంచుకోడానికి వచ్చాడు. పొట్టి మనిషి, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. రెండు గిన్నెల్లో ఆవకాయ పెట్టించి, వంటమనిషికి చెయ్యి కన్నా నాలుక ముఖ్యమనీ, రుచి చూసి ఏం తగ్గిందో చెప్పమనీ అడిగాడు. ఫూల్‌మతి వేలితో తీసుకుని నాకి, "నమక్ కమ్," అంది. ఉప్పు తగ్గిన మాట నిజమే. ఆ పొద్దున్నే కలిపిన పచ్చడి, మూడోరోజు తిరగ కలిపేటప్పుడు సరిచేస్తాం.

జోగి గిన్నె ఎత్తి వాసన చూసింది. ఆవఘాటు ఎక్కువైందని తన బజారు హిందీలో చెప్పింది. అదీ నిజమే.

"నోట్లో పెట్టుకుని చెప్పు," అన్నాడాయన.

జోగి గిన్నె కింద పెట్టేసింది. తల వంచుకుని, "నై ఖాతే," అంది.

తినం. అంతే. సుశీల చటుక్కున అందుకుంది. "ఉపవాస్ హై సర్."

"అలాగా. అయితే రేపు చూద్దాం," అన్నాడు తివారీ. నిజంగానే లేవబోయాడు.

అప్పుడే ఫూల్‌మతి నా చెవిలో గుసగుసలాడింది. "దీదీ, ఉస్‌కా పండుం నహీ హువా." పండుం అంటే ఊరి పండుగ. అది జరిగి, ఊరి తల్లికి కొత్త మామిడి పెట్టేదాకా వాళ్లెవరూ ఆ ఏటి కాయ నోట పెట్టరట. ఫూల్‌మతి వాళ్ల ఊళ్లో పండుగ అయిపోయింది, తను తిన్నది. జోగి ఊళ్లో కాలేదు.

నేను ఊరుకుంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. ఊరుకోలేదు. ఎప్పుడో పరీక్షలు రాసి నేర్చుకున్న హిందీ అంతా తీసి, ఇది ఉపవాసం కాదు, ఆచారం, శుక్రవారం ఫలానాది తినని వంటవాళ్లు మీ మెస్సులో లేరా, వాళ్లకో న్యాయం వీళ్లకో న్యాయమా అని అడిగాను. తివారీ ఓపిగ్గా విన్నాడు. నిజం చెప్పాలంటే నాకన్నా మర్యాదగా మాట్లాడాడు.

"ఠీక్ హై, బెహెన్‌జీ. ఆచారమైతే ఆచారమే. ఆమె పండుగ ఎప్పుడో చెప్పమనండి. ఆ మర్నాడే వస్తాను."

గెలిచాననుకుని జోగి వైపు తిరిగాను. "మీ పండుగ ఎప్పుడే?"

"కాదక్కా."

"కాదంటే?"

"ఇగ పండుం కాదు. ఊరు లేదు."

అది నేను హిందీలో చెప్పాలి. చెప్పాను. తివారీ, తమ వంటలో పప్పులోకీ కూరలోకీ అమ్‌చూర్ పడుతుందనీ, ఎండిన మామిడి పొడి ముట్టని మనిషి ఏడాది పొడుగునా వంట ఎలా చేస్తుందనీ అడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. ఆ చోటు ఫూల్‌మతికి ఇచ్చాడు. ఆమె తన సంతోషాన్ని దాచుకోవడం చూస్తే, ఆమె మీద కూడా కోపం తెచ్చుకోలేకపోయాను.

మధ్యాహ్నం సుశీల అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టింది. "నీ నోరు ఊరుకోదు కదా అక్కా. ఉపవాసమంటే సరిపోయేది."

"మర్నాడు?"

"మర్నాటి సంగతి మర్నాడు చూసుకునేవాళ్లం. రోజూ నేను చేసే పనదే."

అది తప్పని ఇప్పటికీ అనలేను. ఒప్పని కూడా అనను. గోడ మీద రాసిన అడ్డంకుల్లో ఊరు లేకపోవడం ఎందుకు లేదని అడిగాను. అది తీర్చే శిక్షణ తమ దగ్గర లేదంది.

ఎండ తగ్గాక బోరింగు దగ్గర జోగి గిన్నెలు తోముతుంటే వెళ్లి కూర్చున్నాను.

"ఊరేమైంది?"

"అన్నలకు పోలీసులకు గొడవలప్పుడు లేసి పోయినం. ఇండ్లు కాలినయ్. కొందరు క్యాంపుల, కొందరు అవతల అడివిల. మా పెర్మ అవతల్నే సచ్చిపోయిండు." పెర్మ అంటే ఊరి పూజారి. పండుం చేయాల్సింది ఆయనే, ఆయన పోతే ఆయన కొడుకు.

"మరి ఇక్కడ పక్క ఊళ్లో పండుగ అయింది కదా. వాళ్లతో పాటు తినచ్చు కదా?"

"వాళ్ల తల్లి వాళ్లది. మా తల్లి మాది."

"లచ్చి?"

"అది తింటది. హాస్టల్ల ఉప్పుకారం ఏసుకొని తింటది. దానికి ఊరు యాదికి లేదు. నేను ఏమనను."

"ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంటే ఎవరు చూస్తారే?"

జోగి బూడిద చేత్తో మొహం మీది వెంట్రుకలు తోసుకుంది. "ఎవలు జూడరు. జూసెటోళ్లు ఎవలూ లేరు గదా. ఒక్కలన్న ఆగాలె గదక్కా."

అది ఎన్నేళ్లుగా మామిడి తినలేదో లెక్కపెడదామనిపించి, అడగలేదు.

మరో రెండు రోజులు మిగతావాళ్లకి మాగాయ నేర్పాను. గోండీలో నా మాట చెప్పేది మాత్రం జోగే. జోకులు తగ్గాయి. నేను బయల్దేరే ముందురోజు పొద్దున్నే మేస్త్రీ జీపు బజారులో ఆగింది. సుక్మా, కుంట మీదుగా అవతలికి పోతుంది. మిర్చి కాలం అయిపోయింది, ఇటుకల పని ఉందట. లచ్చి పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని మూల కూర్చుంది. సెలవులయ్యాక పంపిస్తానని వార్డెనుకి జోగి చెప్పిందట. వార్డెను తల ఊపిందట.

నేను ఆవకాయ సీసా ఇస్తే తీసుకుంది. "దీనికి పెడ్త," అంది చెల్లెల్ని చూపిస్తూ. తర్వాత, అదేదో నాకు ధైర్యం చెబుతున్నట్టు అంది. "పెర్మ కొడుకున్నడంటరక్కా అవతల. ఏ తోటల ఉన్నడో. దొరికితె అడుగుత."

"ఏమని?"

"పండుం ఏడ జెయ్యాల్నో అని."

"ఏందే, ఎక్కు ఎక్కు," అని మేస్త్రీ అరిచాడు. జీపు పోయింది.

తిరుగు బండి కిరండూల్‌లో తెల్లవారుజామునే బయల్దేరుతుంది. సుశీల ఉప్మా కట్టిచ్చింది. స్టేషన్లో విడిపోయేటప్పుడు, వచ్చే ఏడు మళ్లీ రమ్మంది, పచ్చడికి అప్పుడే గిరాకీ వచ్చిందట. వస్తానన్నాను. ఆ కేంద్రం మంచిదే, సుశీల మంచిదే, చివరికి తివారీ కూడా మంచివాడే. అదే నన్ను తొలిచేస్తోంది. ఒక్క చెడ్డవాడు దొరికుంటే వాణ్ని తిట్టి ఇంటికొచ్చేదాన్ని.

జగదల్‌పూర్‌లో ఒకామె మామిడికాయల తట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది. నా హిందీలో అడిగాను, ఊరే లేకపోతే పండుం ఎలా చేస్తారని. "ఊరు లేకపోవడం ఏంటి?" అని తిరిగి నన్నే అడిగింది.

కొరాపుట్ రాకముందే బండిని మళ్లీ పక్క లైన్లో నిలబెట్టారు. ఇనపరాయి బండి వెనక నుంచి వచ్చి మమ్మల్ని దాటుకుని సముద్రం వైపు పోయింది, దాని కోసం ఎవరో కాసుకుని ఉన్నారు కదా. ఈసారి నేను దిగలేదు, ఎవరినీ అడగలేదు. అడగాల్సిన మనిషి ఆ బండిలో లేడు. అతను అవతల ఏ తోటలోనో, ఏ ఇటుకబట్టీలోనో ఉన్నాడు, పేరు కూడా నాకు తెలియదు.

ఆ పెర్మ కొడుకు జోగికి దొరికాడా?