ఎర్రగీత కింద పేర్లు

యూనివర్సిటీ రికార్డు రూములో ముప్పై ఏళ్లుగా దుమ్ము మింగుతున్న గుమాస్తాను అందరూ ‘బీరువా బాబాయ్’ అంటారు. పాత అడ్మిషన్ రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించి, కాగితాలను తుక్కుకు పంపమని ఆయనకు ఆర్డరొచ్చింది. ఎర్రగీత కొట్టిన పేర్లు మాత్రం ఎక్కించకూడదు. అవి ఒకప్పుడు హాస్టల్లో తాగునీళ్ల కోసం సమ్మె చేసి, బహిష్కరణకు గురైన నలభై ముగ్గురు విద్యార్థుల పేర్లు. నీళ్లడగడాన్ని నేరంగా రాసుకున్న యూనివర్సిటీ, ఇప్పుడు ఆ రాతను కూడా మాయం చేస్తోంది.

ఆ మధ్యాహ్నం వాళ్లలో ఒకావిడ, నెరిసిన జుట్టుతో, కౌంటరు దగ్గరికొచ్చింది.

“ఇక్కడ చదివానని ఒక్క కాగితం ఇవ్వండి అన్నయ్యా. కోతలు కోస్తున్నానని మా మనవరాలు కూడా నవ్వుతోంది.”

“గీత పడ్డ పేరుకి ఇవ్వకూడదమ్మా. రూలు.”

“గీత పడింది రెండేళ్లు చదివాక కదా! ఆ రెండేళ్లూ నేనెక్కడున్నట్టు?”

బాబాయ్ పాత రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. కుర్చీలో నీరసంగా కూలబడి ఆవిడ పేరు టైపు చేశాడు. కాగితం తీసి చేతికిచ్చాడు. ఆ తర్వాత మిగతా నలభై రెండు పేర్లూ ఎక్కించాడు.

“రిటైరయ్యే ముందు ఈ తలనొప్పి నీకెందుకు బాబాయ్?” అన్నాడు సూపరింటెండెంటు.

“అలిసిపోయాను సార్. వీళ్లు ఇక్కడ లేరని ఇంకొకసారి చెప్పే ఓపిక లేదు.”