కమాను కిందికి లాగిన చోట

మా యూనివర్సిటీ సంగీత విభాగంలో పాఠాలు చెప్పే నలుగురం కలిసి ఒక క్వార్టెట్ నడుపుతున్నాం. రెండు వయొలిన్లు, నేలకు ఆనించి వాయించే చెల్లో ఒకటి, నా వయోలా. తమిళనాడులోని ఈ ధర్మపురిలో మమ్మల్ని వినేవాళ్లే తక్కువ. విన్నవాళ్లు కూడా నా వయోలాను చూసి, ఇది కాస్త లావెక్కిన వయొలిన్ అనుకుంటారు. అయినా ఆ కుర్చీ నాది. దాన్ని ఎవరైనా లాక్కుంటారేమోనన్న భయం మొన్నటి వర్షాకాలం దాకా నాకు లేదు.

అనుమానం చిన్నగా మొదలైంది. నేను గదిలోకి రాగానే ముగ్గురూ గొంతు తగ్గించేవారు. మొదటి వయొలిన్ సారు అరవంలో ఏదో అనేవాడు, రెండో వయొలిన్ అమ్మాయి నవ్వేది. ఏమిటని అడిగితే ఏమీ లేదని తల తిప్పుకునేది.

చెల్లో వాయించేవాడిది మారండహళ్ళి. ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడతారు. నన్ను అక్కా అని పిలుస్తాడు. వాడు కూడా వాళ్లతో కలిసి గుసగుసలాడుతుంటే కడుపు మండిపోయింది. పైగా ఉన్నట్టుండి పాలకోడు మార్కెట్ నుంచి సంచీ నిండా టమాటాలు తెచ్చిచ్చాడు. ఊరికే ఎవరు తెస్తారు? వాటితో రసం పెట్టుకుని తింటూనే వాడిని తిట్టుకున్నాను.

క్వార్టెట్‌లో తీగల మీద కమాను ఎటు లాగాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది కాదు. ఒక్క స్వరం కోసం పైకా, కిందికా అని పూటంతా పోట్లాడుకుని, తేలాకే వాయిస్తాం. నెమ్మదిగా సాగే భాగంలో అందరం ఆగిపోయే చోటు ఒకటుంది. సారు ముక్కుతో ఊపిరి తీసుకున్న చప్పుడు విని, అందరం మెల్లగా మళ్లీ అందుకోవాలి. అక్కడ కమాను పైకి తొయ్యాలని తేల్చుకుని ఏళ్లయింది. ఒక మంగళవారం మాత్రం ముగ్గురి కమానులూ ఒక్కసారే గాలిలోకి లేచి కిందికి దిగాయి. నాది ఒక్కటే పైకి పోయింది.

అంటే నేను లేకుండా సాధన చేస్తున్నారు. నేను లేకుండా చేస్తున్నారంటే నా కుర్చీలో ఇంకెవరో కూర్చుంటున్నారు. సేలం నుంచో బెంగళూరు నుంచో ఎవరో పడుచుపిల్లను తెచ్చి ఉంటారని తీర్మానించుకున్నాను.

సాధన లేని శనివారం చూసి, వయోలా పెట్టె భుజాన వేసుకుని వెళ్లి సాధన గది తలుపు తోశాను. ముగ్గురే వాయిస్తున్నారు. నా కుర్చీ ఖాళీగా ఉంది.

"నా జాగా ఎవరికి ఇచ్చినారు రా?" అని చెల్లో వాడిని నిలదీశాను.

వాడు తల దించుకుని ఏదో అన్నాడు.

"గొణగొద్దు. గట్టిగా చెప్పు."

వాడు లేచి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "గొణగలేదక్కా. మామూలుగానే చెప్పినాను, నీకే వినపడలేదు. సారు ఊపిరి తీసేది కూడా నీకు వినపడేదిలేదు. ఆ చోట ఎప్పుడూ ఆలస్యంగా వస్తుండావు. కమాను ఎత్తితే కండ్లకు కనపడతాది కదా అని మార్చినాము. మేము ముగ్గురం అలవాటు చేసుకుంటే నువ్వే చూసి అందుకుంటావు అనుకుంటిమి. నీతో చెప్పేదానికి నోరు రాలేదక్కా."

ముందు సిగ్గేసింది. వెంటనే కోపం వచ్చింది. నా చెవుల సంగతి ఊరందరికీ తెలిసి నాకే తెలియలేదా?

"అట్లయితే వేరేవాళ్లను చూసుకోండి" అన్నాను. అన్నాక సరే అంటారేమోనని భయపడ్డాను.

సారు లేచి, తన మోచెయ్యి నాకు బాగా కనిపించేలా నా కుర్చీని తిప్పి పెట్టాడు. నేను కూర్చుని వయోలా బయటికి తీశాను.

ఆ చోటు వచ్చింది. అందరం ఆగాం. ఆయన కమాను లేచింది. నేనూ ఎత్తి కిందికి లాగాను.

వాయించడం అయ్యాక ముగ్గురూ బాగుందని తలలూపారు. నిజంగా బాగుండే ఊపారో, నా కోసం ఊపారో నాకు తెలియదు. అడిగే ధైర్యం ఇప్పటికీ రాలేదు.