కాశేలికి పోయిన ఏంటెనా

మా మేనమామ మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. తగ్గాక రాద్దామని ఏడాది ఆగాను. తగ్గేలా లేదు కాబట్టి రాసేస్తున్నాను.

నేను ముంబై పక్కన భివండిలో తెలుగు బడి పంతులమ్మని. గైబీ నగర్‌లో మా ఇంటి చుట్టూ మరమగ్గాల షెడ్లే. వాటిని మేము సాంచాలంటాం. మగవాళ్ళు సాంచాలు నడుపుతారు, ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని కండెలకు నూలు చుడతారు. వీళ్ళలో చాలామందికి మరాఠీ చదవడం రాదు, హిందీ బజారు వరకే. బడిలో పిల్లల్ని ఎప్పుడు చేర్చుకుంటారో, దగ్గు మందులు ఏ దవాఖానాలో ఇస్తారో పక్కింటామె చెబితేనే తెలుస్తుంది. ఆమెకు తెలిసేది గడువు దాటాక. అందుకని మా గల్లీల వరకు వినబడే చిన్న రేడియో స్టేషన్ ఒకటి తెలుగులో పెట్టించాలన్న పిచ్చి నాకు పట్టింది.

లైసెన్సు విడి మనుషులకు ఇవ్వరు. మూడేళ్ళు నిండిన రిజిస్టర్డ్ సంస్థకే ఇస్తారు. మా ఆడవాళ్ళ గుంపుకు రిజిస్ట్రేషన్ సంగతి అటుంచి, ఒక పేరంటూ లేదు. మా మేనమామ కార్యదర్శిగా ఉన్న కుల సమాజానికి మాత్రం కాగితాలన్నీ ఉన్నాయి.

"నీ పని నువ్వు చెయ్యి బిడ్డా, కాగితాలు నేను జూస్కుంట" అన్నాడు మామ.

పెద్దల మాట చద్దిమూట అని బడిలో పిల్లలకు చెప్పేది నేనే. ఆ మూట విప్పి చూసుకోవాలని మాత్రం నాకు తోచలేదు.

దరఖాస్తులో ఏంటెనా ఎక్కడ నిలబెడతారో అక్షాంశ రేఖాంశాలతో సహా రాయాలి. ఇంత చిన్న స్టేషన్‌కు అదే ప్రాణం. ఏంటెనా చుట్టుపక్కల ఉన్నవాళ్ళకే అది సరిగ్గా వినబడుతుంది. నేనూ మామా మా బిల్డింగు పైకెక్కి ఫోనులో చూసి అంకెలు రాసుకున్నాం. పంతొమ్మిది డిగ్రీల పదిహేడు నిమిషాలు. ఏటా పిల్లలకు భూగోళం చెప్పేదాన్ని, అక్షాంశాన్ని అంత సంబరంగా ఎన్నడూ రాయలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు నా పని రికార్డింగులే. సాంచాలు నడుస్తుంటే మన మాట మనకే వినబడదు. కరెంటు పోతేనే గల్లీ సద్దుమణుగుతుంది. అందరూ కరెంటోళ్ళను తిట్టుకుంటుంటే నేను ఫోను పట్టుకుని పరుగెత్తేదాన్ని. "అగో, కరెంటు వోయింది, పంతులమ్మ వచ్చె" అని నవ్వేవాళ్ళు. ఒకామె కండెలు చుట్టేటప్పుడు పాడుకునే పాట పాడింది. ఇంకొకామె అత్తను కడుపారా తిట్టి, మర్నాడు పొద్దున్నే వచ్చి అది తీసెయ్యమని బతిమాలింది.

మామ ఆ రికార్డింగులు పట్టుకుని ఢిల్లీ పోయి కమిటీకి వినిపించాడు. కొన్నాళ్ళకు ఫ్రీక్వెన్సీ కేటాయించినట్టు ఉత్తరం వచ్చింది. సమాజం ఆఫీసులో మామ మిఠాయి పంచుతుంటే నేను ఉత్తరం మొదటి నుంచీ చదివాను. పంతులమ్మను కదా, కాగితం చేతికొస్తే తప్పులు వెతకడం అలవాటు. పంతొమ్మిది డిగ్రీల పద్నాలుగు నిమిషాలు అని ఉంది. టైపు తప్పు అనుకుని ఆ అంకెలు ఫోనులో కొట్టాను. మా గల్లీకి ఏడెనిమిది కిలోమీటర్ల అవతలున్న కాశేలి చూపించింది. కాశేలిలో మామ గోదాము ఉంది.

"ఇదేంది మామా?"

"మీ బిల్డింగుకు మున్సిపాలిటీ కాగితాలు లెవ్వు బిడ్డా. అక్కడ పెడ్తనంటె అర్జీ మొదట్లనే పక్కకు వడేస్తుండ్రి. నా గోదాముకు అన్ని ఉన్నయ్."

"అర్జీ పెట్టిన్నాడే మార్చినవా?"

"ఆ."

"మరి నాకెందుకు చెప్పలే?"

మామ మిఠాయి డబ్బా నా వైపు జరిపాడు. "చెప్తె నువ్వు రికార్డింగులు బంద్ జేస్తుంటివి. అవి లేకుంటె ఢిల్లీల నేనేం జూపిస్తుంటి?"

దాచాలని కూడా అనుకోలేదు ఆయన. అందుకే ఎక్కువ మండింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టకపోవడం సరే, రెండేళ్ళు ఆ దొంగకు సంచి మోశాను. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

మా వైపే కాగితాలున్న వేరే బిల్డింగు మీదికి ఏంటెనా మార్చాలంటే మళ్ళీ సమాజమే అర్జీ పెట్టాలి, అంటే మామే సంతకం పెట్టాలి. వారం వారం పోయి అడిగాను. చూద్దామన్నాడు. ఒప్పుకుంటాడనే ఆశతో గల్లీలో ఎవరికీ చెప్పలేదు. చోటు మారాక కార్యక్రమాలు కావాలి కదా అని రికార్డింగులు కూడా ఆపలేదు. అలా ఆర్నెల్లు గడిచాయి. సంతకం కాలేదు. గోదాము మీద ఏంటెనా లేచింది.

ప్రారంభం రోజు నేను కాశేలి పోలేదు. ఆ మధ్యాహ్నం మా వైపు కరెంటు సెలవు, సాంచాలు ఆగాయి. గల్లీ చివర కండెలు చుట్టే అవ్వ ఇంట్లో ఆడవాళ్ళంతా రేడియో పెట్టుకుని కూర్చున్నారు. తన మాటలే ముందు వస్తాయని అవ్వకు తెలుసు. ఆమె భర్త షెడ్డు దుమ్ముకు దగ్గి దగ్గి పోయాడు. ఆ సంగతి కన్నకొడుకులతో కూడా ఎత్తేది కాదు. అంతకు ముందు వారమే నా ఫోనులో రికార్డింగుకు చెప్పింది. "మందులు ఎక్కడిస్తరో ఎర్క లేక నా మొగన్ని సంపుకున్న. ఈ గల్లీల ఇంకొకతె గట్ల చేస్కోవద్దు" అని.

అవ్వ మీట తిప్పింది. గరగరమని చప్పుడు. మధ్యలో ఒక మాట ముక్క వచ్చి పోయింది. రేడియోను కిటికీలో పెట్టి చూశారు, పై అంతస్తుకు తీసుకుపోయి చూశారు.

"రాదు అవ్వా" అన్నాను చివరికి. ఏంటెనా కాశేలిలో ఉందని చెప్పాను. మామ చేసినదంతా చెప్పాను. అందరూ కలిసి మామను తిడతారని, నా పక్కన నిలబడతారని అనుకున్నాను.

అవ్వ ఎవరినీ తిట్టలేదు. "నీకెప్పటి సంది ఎర్క?" అంది.

"ఆర్నెల్ల సంది."

ఆమె రేడియో ఆపి నా మొహంలోకి చూసింది. "అయితె పోయిన వారం నాతోని మా ఆయన ముచ్చట చెప్పిచ్చుకున్నప్పుడు గూడ నీకెర్కే?"

ఇక్కడ వినబడదని చెప్పి ఉంటే ఆమె నోరు విప్పేది కాదు. అది నాకు అప్పుడూ తెలుసు.

"ఎర్కే అవ్వా" అన్నాను.